భారతీయ వెండి నాణేలపై టంకశాల గుర్తులు

నాణెం ఏ టంకశాలలో అచ్చయిందో చెప్పే చిన్న ముద్రను టంకశాల గుర్తు అంటారు. అది అక్షరం కావచ్చు, చుక్క కావచ్చు, పువ్వో చేపో నక్షత్రమో కావచ్చు. ఒకే బొమ్మతో, ఒకే విలువతో రెండు మూడు ఊళ్లలో నాణేలు తయారవుతున్నప్పుడు తూకం తగ్గినా, వెండి పాలు తగ్గినా ఏ టంకశాల అధికారిని నిలదీయాలో తెలియాలి. ప్రభుత్వాలు ఈ ఏర్పాటు చేసుకున్నది అందుకే. నాణెం ఖర్చుపెట్టుకునేవాడికి దీనితో పని లేదు కనుక గుర్తును కంటికి ఆనని చోట, ఎక్కువగా తేదీ కిందనో పూల అల్లికలోనో దాచారు. ఇప్పుడు దాని కోసం వెతికేది సేకర్తలు, చరిత్రకారులు, పాత నాణేల వ్యాపారులు. ఒకే సంవత్సరం, ఒకే రాజు బొమ్మ ఉన్న రెండు రూపాయల్లో ఒకటి వెండి ధరకు పోయి, రెండోది దానికి ఎన్నో రెట్లు పలకడానికి చాలాసార్లు ఈ చిన్న ముద్రే కారణం.

గుర్తును గుర్తుపట్టడం తేలికే, దాని అర్థం చెప్పడమే కష్టం. చుక్క సంగతే చూడండి. 18వ శతాబ్దం చివర బెంగాలులో అచ్చయిన సిక్కా రూపాయిపై చుక్క ఎక్కడుందన్నదాన్ని బట్టి అది ఏ టంకశాలదో చెప్పాలి. 1862 నాటి విక్టోరియా రూపాయిపై చుక్కల లెక్క నాణెం నిజంగా ఏ ఏడు తయారైందో చెబుతుంది. అయిదో జార్జి రూపాయిపై చుక్క ఉంటే బొంబాయి. ఇప్పుడు మన జేబులో ఉన్న నాణెంపై చుక్క ఉంటే నోయిడా. కాబట్టి ముందు నాణెం ఏ పాలకుడిది, ఏ కాలానిది అన్నది తేల్చుకోవాలి. గుర్తు సంగతి ఆ తరువాతే. ఆ వరస తప్పితే భూతద్దం ఎంత పెద్దదైనా లాభం లేదు.

పేరు రాసుకున్న రోజులు

మొగలుల వెండి రూపాయిపై వేరే గుర్తు అవసరం పడలేదు, ఊరి పేరే రాసేవారు. ఒకవైపు చక్రవర్తి పేరు, బిరుదులు, హిజ్రీ సంవత్సరం ఉంటాయి. రెండోవైపు పార్శీ లిపిలో ‘జర్బ్’ అన్న మాట, దాని తరువాత ఊరి పేరు, చక్రవర్తి గద్దెనెక్కిన తరువాత ఎన్నో ఏడో ఆ అంకె ఉంటాయి. పెద్ద నగరాలకు బిరుదు కూడా తగిలించేవారు. గోల్కొండను ఔరంగజేబు 1687లో పట్టుకున్నాక హైదరాబాదులో అచ్చయిన రూపాయలపై ఆ నగరం ‘దారుల్ జిహాద్ హైదరాబాద్’. తరువాతి కాలంలో అదే నగరం ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అయింది. ఒకే ఊరు రెండు బిరుదులతో కనిపిస్తే రెండు టంకశాలలని పొరపడకూడదు. పైగా బిరుదును బట్టి నాణెం ఏ కాలానిదో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు.

తెలుగు నేల మీద ఇలాంటి టంకశాలలు చాలానే ఉండేవి. మచిలీపట్నం ‘మచ్లీపటన్’గా, శ్రీకాకుళం ‘సికాకుల్’గా నాణేలకెక్కాయి. ఆదోని పేరు మాత్రం వెతికినా దొరకదు. మొగలులు దానికి ఇమ్తియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు, నాణెంపైనా అదే ఉంటుంది. కర్నూలు కూడా కమర్‌నగర్ అయింది. ఇప్పటి పటంలో ఊరు కనబడలేదని నాణెం ఏ ఢిల్లీదో ఆగ్రాదో అనుకుంటే తప్పు.

చదవడంలో ఉన్న అసలు చిక్కు వేరు. ఆ నాణేలు చేత్తో అచ్చువేసినవి. కాల్చి గుండ్రంగా చేసిన వెండి బిళ్లను రెండు అచ్చుల నడుమ పెట్టి సుత్తితో కొడతారు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అచ్చులోని రాత అంతా బిళ్ల మీద పడదు, సగం బయటికి పోతుంది. ఊరి పేరు అడుగు వరుసలో ఉంటే, అదే తెగిపోయిన నాణేలు బస్తాలకొద్దీ దొరుకుతాయి. అప్పుడు మిగిలిన ఒకటి రెండు అక్షరాల తోకలను, రాత వరుసల అమరికను, అక్షరాల సందుల్లో ఉన్న పూలను చూసి, అదే పాలకుడి పూర్తి రాత ఉన్న నాణెంతో పోల్చి తేల్చాలి. సందుల్లోని పువ్వూ కత్తీ ఎప్పుడూ ఊరిని చెప్పే గుర్తులే కావు. టంకశాల అధికారి అయిన దారోగా మారినప్పుడు ఆ బొమ్మా మారిన సందర్భాలున్నాయి. పువ్వు కనబడగానే ఊరు పేరు చెప్పేవారి మాట అంత తేలిగ్గా నమ్మకూడదు.

కంపెనీ కాలం: రాసిన ఊరు ఒకటి, అచ్చయిన ఊరు ఒకటి

మొగలు చక్రవర్తి పేరు ఉంటేనే జనం రూపాయిని నమ్మే రోజులవి. అందువల్ల ఈస్టిండియా కంపెనీ, ఫ్రెంచివారు తమ పేరు దాచుకుని చక్రవర్తి పేరుతోనే నాణేలు కొట్టారు. ఊరి పేరు కూడా జనానికి అలవాటైనదే వేశారు. దక్షిణాదిన ఆ పేరు ఆర్కాటు. మద్రాసులో అచ్చయినా అది ఆర్కాటు రూపాయే, పుదుచ్చేరిలో అచ్చయినా ఆర్కాటు రూపాయే, చివరికి కలకత్తాలో అచ్చయినా ఆర్కాటు రూపాయే. వీటిని విడదీసేది చిన్న బొమ్మలు. తామరపువ్వు ఉంటే ఇంగ్లీషువారి మద్రాసు. నెలవంక ఉంటే ఫ్రెంచివారి పుదుచ్చేరి. గులాబీ ఉంటే కలకత్తా. పార్శీ చదవడం రాకపోయినా ఈ మూడు బొమ్మలు తెలిసినవారు ఆర్కాటు రూపాయల కుప్పను చాలావరకు వేరుచేయగలరు.

తేదీని మాత్రం నమ్మకూడదు. మద్రాసు టంకశాలలో 1807 నుంచి యంత్రాలతో అచ్చువేసిన ఆర్కాటు రూపాయలపై రెండో ఆలంగీరు పేరు, హిజ్రీ 1172, ఆరో పాలనా సంవత్సరం కనిపిస్తాయి. అది క్రీస్తుశకం 1758-59. ఆ చక్రవర్తి చనిపోయి అప్పటికి దాదాపు యాభై ఏళ్లు. అంచు గుండ్రంగా, అక్షరాలు చెక్కుచెదరకుండా ఉండి తేదీ మాత్రం 1172 అయితే అది యంత్రపు నాణెమనే అర్థం.

బెంగాలులో ఇదే పని మరింత పట్టుగా జరిగింది. అక్కడి షరాబులు (నాణేలు మార్చే వ్యాపారులు) కొత్త రూపాయిని సిక్కా అని పూర్తి విలువకు తీసుకుని, ఏడాది తిరగగానే నూటికి మూడు, ఆ తరువాత నూటికి అయిదు చొప్పున వట్టం కోసేవారు. నాణెంపై పాలనా సంవత్సరం ఉండబట్టే ఆ కోత సాధ్యమైంది. దాన్ని ఆపడానికి కంపెనీ రెండో షా ఆలం 19వ పాలనా సంవత్సరాన్ని నాణెంపై స్థిరపరిచేసింది. ఏ ఏడు అచ్చయినా 19, ఏ ఊళ్లో అచ్చయినా ముర్షిదాబాదు. కలకత్తా, ఢాకా, పాట్నా, ముర్షిదాబాదు టంకశాలల నాణేలను వేరుచేయడానికి మాత్రం అక్షరాల నడుమ సన్నని రహస్యపు చుక్కలు పెట్టారు. కాలాన్ని అంచు చెబుతుంది. వాలుగా గీతలున్న అంచు ముందుది, నిలువు గీతలు 1818 తరువాతివి, గీతల్లేని నున్నటి అంచు 1830లది. ముఖం మీద ఉన్న రాతకన్నా అంచు ఎక్కువ నిజం చెప్పే నాణెం ఇది.

కాశీ నాణేలపై చేప ఇలాంటి గుర్తే. అక్కడి టంకశాలలోను, తరువాత కలకత్తాలోను వెండి పరీక్షాధికారిగా పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్ 1834లో దేశంలో చెల్లుతున్న నాణేలను, వాటి తూకాలను, గుర్తులను పట్టికలుగా అచ్చువేశాడు. అశోకుని బ్రాహ్మీ లిపిని చదివినవాడిగా అందరికీ తెలిసిన ఈ మనిషి ఉద్యోగం మాత్రం వెండి కరిగించి పాలు తేల్చడం.

మద్రాసు నాణేల్లో తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసినవి వెండి అరవరహా, పావువరహా. వీటిపై ఒకవైపు నక్షత్రాల నడుమ ఏడంతస్తుల గోపురం, చుట్టూ ఇంగ్లీషు, పార్శీ రాతలు. రెండోవైపు విష్ణువు, చుట్టూ తమిళ, తెలుగు రాతలు. నాలుగు భాషలున్నాయి కానీ టంకశాల గుర్తు లేదు. ఆ గోపురమే మద్రాసని చెప్పడానికి చాలు. ఈ పెద్ద వెండి నాణేల్లో కొన్నిటిని స్పెయిన్ డాలర్లను కరిగించకుండా వాటి మీదే కొట్టారు. అందువల్ల కొన్నిటిని ఏటవాలు వెలుతురులో తిప్పితే అడుగున ఉన్న పాత డాలరు రాత ఛాయగా కనిపిస్తుంది. అది మద్రాసు గుర్తు కాదు, ఆ వెండి పూర్వజన్మ.

1835 తరువాత: అక్షరాల వేట

1835 నాణేల చట్టంతో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చింది. తూకం 180 గ్రెయిన్లు, అంటే ఒక తులం, 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. ఈ తూకాన్ని మద్రాసు 1818లోనే తీసుకుంది. తులం బంగారం తూచడానికి తక్కెడలో రూపాయి బిళ్ల వేసే అలవాటు మన ఇళ్లలో చాలా కాలం సాగింది. ఇప్పటికీ అనుమానం వచ్చిన నాణెం విషయంలో మొదటి పరీక్ష తూకమే.

నాలుగో విలియం బొమ్మ ఉన్న 1835 రూపాయిపై గుర్తు బొరుసు వైపు ఉండదు, రాజు మెడ కోసిన అంచున ఉంటుంది. అక్కడ ‘ఆర్.ఎస్.’ అని ఉంటే కలకత్తా టంకశాల అధికారి రాబర్ట్ సాండర్స్, ‘ఎఫ్’ అని ఉంటే ఆయన తరువాత వచ్చిన విలియం నైర్న్ ఫోర్బ్స్. రెండూ కలకత్తావే. ఆ ఎఫ్ అక్షరం కొన్నిటిపై ఉబ్బెత్తుగా, కొన్నిటిపై గుంటగా ఉంటుంది. ఏమీ లేనివి బొంబాయివిగా లెక్కకడతారు. 1840 విక్టోరియా రూపాయి మెడపై ‘డబ్ల్యు.డబ్ల్యు.’ చూసి ఇది కూడా అలాంటిదే అనుకుంటారు. కాదు. అది లండనులో రాణి బొమ్మ చెక్కిన విలియం వయన్ పేరు, టంకశాలతో సంబంధం లేదు. మరి 1840 నాణేలు ఎక్కడివో ఎలా చెప్పాలి? రాణి పేరు తల మీదుగా ఒకే వరుసలో సాగిందా, తలకు రెండు వైపులా విడిపోయిందా చూడాలి. తరువాత బొరుసు వైపు ఆకుల దండలో కాయలు లెక్కపెట్టాలి. 28 కాయలు, 34 కాయలు, 35 కాయలు అంటూ సేకర్తలు మాట్లాడుకునేది దీని గురించే. ఈ అచ్చుల తేడాలను టంకశాలలకు ముడిపెట్టిన పనిలో నాణేల పరిశోధకుడు ఎఫ్. ప్రిడ్‌మోర్ పేరు ముందు చెప్పాలి. అరిగిన నాణెంపై ఆ కాయలు లెక్కపెట్టడం కన్నా కందిపప్పులో రాళ్లు ఏరడం సుఖం.

1862 రూపాయి మరో రకం పరీక్ష పెడుతుంది. కంపెనీ పోయి రాణి పాలన వచ్చాక, వట్టం కోత భయమే మళ్లీ పని చేసింది కాబోలు, 1862 అన్న తేదీని 1874 దాకా మార్చలేదు. పన్నెండేళ్ల రూపాయలన్నిటి మీదా ఒకే సంవత్సరం. అయితే బొంబాయి టంకశాల తన లెక్క కోసం తేదీ కింద, కొన్ని అచ్చుల్లో పైభాగాన కూడా, సన్నని చుక్కలు పెడుతూ వచ్చింది. కింద ఎన్ని, పైన ఎన్ని అన్నదాన్ని బట్టి అసలు సంవత్సరం లాగవచ్చు. మన ఇళ్లలో లక్ష్మీపూజ పళ్లెంలో కనిపించే విక్టోరియా రూపాయల్లో ఎక్కువ భాగం ఈ 1862వే కావడానికి కారణం ఈ పన్నెండేళ్ల ముద్రణే. ఆ మధ్యలోనే, 1869లో, మద్రాసు టంకశాల మూతపడింది. కనుక 1874 మొదలు నిజమైన సంవత్సరంతో వచ్చిన రూపాయల్లో మద్రాసు కోసం వెతకనక్కర్లేదు. మిగిలినవి రెండే, కలకత్తా, బొంబాయి.

ఆ రెంటిలో కలకత్తా పెద్దన్న. తన పేరు చెప్పుకోవలసిన అవసరం తనకు లేదనుకుంది. గుర్తు లేకపోవడమే కలకత్తా గుర్తు, ఈ సంప్రదాయం ఈనాటికీ నడుస్తోంది. మినహాయింపుగా విక్టోరియా చివరి దశాబ్దాల నాణేలు కొన్నిటిపై తేదీ కింది పూలల్లికలో గుంటగా చెక్కిన ‘సి’ కనిపిస్తుంది. బొంబాయి మాత్రం ‘బి’ అక్షరం వేసింది, కొన్నేళ్లు గుంటగా, కొన్నేళ్లు ఉబ్బెత్తుగా. ఒకే ఏడు రెండు రకాలూ వచ్చిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి జాబితా రాసేటప్పుడు ‘బి ఉంది’ అని ఊరుకోకుండా ఏ రకం బి అన్నది కూడా రాయాలి. ఏడో ఎడ్వర్డు రూపాయల్లో (1903-1910) కూడా ఇదే పద్ధతి. కిరీటం, తామర కాడలు ఉన్న బొరుసు వైపు చిన్న బి ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా.

అయిదో జార్జి చుక్క

1911 నుంచి బొంబాయి అక్షరం మానేసి చుక్కకు మారింది. ఇంట్లో దొరికే వెండి రూపాయల్లో అయిదో జార్జివి ఎక్కువ కనుక దీన్ని కాస్త నింపాదిగా చూద్దాం. నాణెం బొరుసు తిప్పి, ‘వన్ రూపీ ఇండియా’ అన్న ఇంగ్లీషు మాటలు, నడుమ పార్శీ రాత సరిగా నిలబడేలా పట్టుకోండి. చుట్టూ పూల అల్లిక ఉంటుంది. దాని అడుగున తామరపువ్వు. ఆ తామర కింద, అంచు పూసల వరుసకు లోపల, ఒంటరిగా ఉబ్బెత్తు చుక్క ఉంటే బొంబాయి. ఖాళీగా ఉంటే కలకత్తా. అంచు పూసను చుక్క అనుకోవడం కొత్తవారికి మామూలే. అంచు పూసలు సమాన దూరంలో గొలుసులా ఉంటాయి, టంకశాల చుక్క ఆ గొలుసులో కలవదు. దీపం వెలుగు పైనుంచి కాక పక్కనుంచి పడితే చుక్క నీడ కనిపిస్తుంది, అప్పుడు అనుమానం ఉండదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం చాలు.

1911 రూపాయికి వేరే కథ ఉంది. రాజు అంగీ మీద ఉన్న ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని గొడవ లేచి, అచ్చువేసిన వాటిలో చాలా భాగం బయటికి రాకుండానే కరిగించేశారు. 1912లో తొండం సరిచేసిన అచ్చు వచ్చింది. అందరూ ఏనుగునే చూస్తారు గానీ, 1911లోనూ తామర కింద చూడవలసింది చూడాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట వచ్చింది. అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి, ఖజానాలో ఉన్న వెండి డాలర్లు కరిగించి దాదాపు 26 కోట్ల డాలర్ల వెండిని భారత్ కోసం బ్రిటనుకు అమ్మింది. ఆ డాలర్లలో కొన్నిటిపై న్యూ ఆర్లియన్సు ‘ఓ’, శాన్‌ఫ్రాన్సిస్కో ‘ఎస్’ ఉండి ఉంటాయి. కరిగిపోయాక తామర కింద చుక్క ఒక్కటే మిగిలింది.

యుద్ధకాలం, లాహోరు ‘ఎల్’

ఆరో జార్జి రూపాయల్లో పాత నాణ్యత ఉన్నవి 1938, 1939 తేదీలవి మాత్రమే. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించి, 40 పాళ్లు రాగి, అయిదేసి పాళ్లు నికెల్, జింకు కలిపారు. దొంగ నాణేలను అరికట్టడానికి గీతల అంచు మధ్యలో గాడి తవ్వి అందులో నగిషీ పెట్టారు. యుద్ధానికి చిల్లర చాలక 1943లో లాహోరులో కొత్త టంకశాల పనిచేయడం మొదలుపెట్టింది. దాని నాణేలపై చిన్న ‘ఎల్’ ఉంటుంది. అర్ధరూపాయి, పావలాలపై ఇది తరచు కనిపిస్తుంది. బొంబాయి చుక్క ఈ కాలంలోనే క్రమంగా డైమండ్ ఆకారానికి చోటిచ్చింది. దేశ విభజన తరువాత లాహోరు టంకశాల పాకిస్తానుకు పోయింది, 1948 నుంచి ఆ దేశపు నాణేలు అక్కడ అచ్చయ్యాయి. 1947 తేదీ ఉన్న రూపాయి నికెలుది, వెండిది కాదు.

నిజాం రూపాయి: గుర్తులా కనిపించే గుర్తులు

హైదరాబాదు సంస్థానానికి సొంత రూపాయి ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు, ఇంగ్లీషు రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానంగా లెక్క నడిచింది. 1857 తిరుగుబాటు అణిగి ఢిల్లీ చక్రవర్తి పదవి పోయాక నిజాం నాణేలపై మొగలు పేరు బదులు నిజాముల్ముల్క్ ఆసఫ్‌జా బిరుదు వచ్చింది. ఊరి పేరు ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’గానే నిలిచింది.

20వ శతాబ్దం తొలి ఏళ్లలో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో చార్మినార్ బొమ్మతో యంత్రపు రూపాయి వచ్చింది. ఆ చార్మినార్ నడుమ కమాను వాకిలిలో ఒక పార్శీ అక్షరం ఉంటుంది. దీన్ని టంకశాల గుర్తని చెప్పేవారు తరచు తగులుతారు. అది పాలకుడి పేరు మొదటి అక్షరం. ‘మీమ్’ ఉంటే మహబూబ్ అలీఖాన్, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీఖాన్. ఉస్మాన్ తొలి నాణేలపై ఆ ఐన్ సగమే ఉంటుంది, తరువాత పూర్తి అక్షరం పెట్టారు. సేకర్తలు దీన్ని అర ఐన్, నిండు ఐన్ అని విడదీస్తారు. అలాగే నాణెంపై కనిపించే 92 అంకె సంవత్సరమూ కాదు, టంకశాల సంఖ్యా కాదు. అక్షరాలకు అంకెల విలువ కట్టే అబ్జద్ పద్ధతిలో ముహమ్మద్ అన్న పేరుకు వచ్చే మొత్తం అది. చార్మినార్ రూపాయిపై టంకశాలను చెప్పేది రెండోవైపున ఉన్న ఊరి పేరే.

సంస్థానం లోపల గద్వాల, వనపర్తి, నారాయణపేట లాంటి చోట్ల కూడా వెండి నాణేలు కొట్టారు. నారాయణపేట నాణేలపై ఊరి పేరు ‘దిల్‌షాదాబాద్’. ఇవి చేత్తో కొట్టినవి, రాత సగం తెగిపోయినవి. హైదరాబాదు నాణేల కుప్పలో కలిసిపోయి గుర్తింపు లేకుండా ఉండిపోయినవి చాలా ఉంటాయి.

గణతంత్ర కాలం

ఇప్పుడున్న హైదరాబాదు టంకశాల మూడో నిజాం సికందర్ జా కాలంలో, 1803లో, మొదలైంది. 1903లో సైఫాబాదుకు మారింది, 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది, 1997లో చర్లపల్లికి తరలింది. భారత ప్రభుత్వ నాణేలపై దీని గుర్తు మొదట నిలువుగా చీలిన డైమండ్, తరువాత నడుమ చుక్క ఉన్న డైమండ్, ఆపైన అయిదు కోణాల నక్షత్రం. ముంబయి డైమండ్, నోయిడా (1988 నుంచి) చుక్క, కోల్‌కతా ఖాళీ. ఇవన్నీ సంవత్సరం కిందే ఉంటాయి.

స్వతంత్ర భారత్ చెలామణీ కోసం వెండి నాణేలు వేయలేదు, స్మారక నాణేలు మాత్రం వేసింది. వాటిలో మొదటిది 1969 గాంధీ శతజయంతి పదిరూపాయలు. 15 గ్రాముల బరువు, నూటికి 80 పాళ్లు వెండి. దాని మీద 1969 అన్న అంకె ఎక్కడా లేదు. గాంధీ బొమ్మ కింద 1869-1948 అని మాత్రమే ఉంటుంది. టంకశాల గుర్తు ఆ తేదీల కింద వెతకాలి. డైమండ్ ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. సేకర్తల కోసం ప్రత్యేకంగా మెరుగుపెట్టి వేసిన ప్రూఫ్ నాణెమైతే డైమండ్ బదులు ‘బి’ ఉంటుంది. నగరం పేరు ముంబయి అయ్యాక ప్రూఫ్ నాణేలపై ఆ బి పోయి ‘ఎం’ వచ్చింది. 1972 నుంచి స్మారక నాణేల్లో వెండి సగానికి దిగింది.

ఎన్టీ రామారావు శతజయంతికి 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన వందరూపాయల నాణెం హైదరాబాదు టంకశాలలో తయారైంది. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు. దాని లోహం పాళ్లు చూస్తే సగం వెండి, 40 రాగి, అయిదు నికెల్, అయిదు జింకు. 1940 యుద్ధకాలపు రూపాయికి పెట్టిన మిశ్రమమే ఇది.

గుర్తు కానివి, గుర్తును చెడగొట్టేవి

పాత రూపాయలపై చంద్రవంక, పువ్వు, గీతల్లాంటి చిన్న దెబ్బలు ఎక్కడపడితే అక్కడ కనిపిస్తాయి. ఇవి షరాబులు నాణెం మంచిదో కాదో చూసి వేసిన సొంత ముద్రలు. టంకశాల గుర్తు అచ్చులోనే ఉంటుంది కనుక దాని చుట్టూ ఉన్న రాత చెదరదు. షరాబు ముద్ర రాతను తొక్కేస్తుంది, వెనకవైపు కాస్త చదునవుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు.

మన ప్రాంతంలో రూపాయల్ని దండగా గుచ్చి మెడలో వేసుకునే అలవాటు ఉండేది. కొక్కేనికి టంకం వేసిన చోటు సాధారణంగా రాజు తలపైన. బొరుసు తిప్పితే ఆ చోటు ఒక్కోసారి తేదీకి, గుర్తుకి సరిగా మీద పడుతుంది. కొక్కెం ఊడదీసి అరగదీసిన నాణెంపై చుక్క లేదని కలకత్తా అనడం సాహసమే. చింతపండుతో, బూడిదతో తోమడం మరో శత్రువు. తోమితే ముందుగా అరిగేది ఉబ్బెత్తు చుక్కే. గుంటగా చెక్కిన బి మాత్రం తోమకానికి తట్టుకుంటుంది, కాకపోతే మురికి నిండి కనబడదు. దాన్ని పుల్లతో గీకకుండా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి చూడాలి.

ఇక కావాలని మార్చినవి. కలకత్తా నాణెం అరుదైన ఏడు దొరికితే బొంబాయి చుక్కను గీకేస్తారు. బొంబాయి అరుదైతే చుక్క అతికిస్తారు. గీకిన చోట పక్కనుంచి వెలుగు పెడితే నేల నునుపుగా కాక సన్నని గీతలతో పల్లంగా కనిపిస్తుంది. అతికించిన చుక్క మొదలు చుట్టూ టంకం రంగు తేడా ఉంటుంది. అందరికన్నా ఎక్కువ మోసం జరిగేది 1939 రూపాయి విషయంలో. అది బొంబాయిలోనే అచ్చయింది, చాలా భాగం కరిగించేయడంతో మిగిలినవి బహు కొద్ది. అందుకని 1938 రూపాయిలో ఎనిమిదిని తొమ్మిదిగా చెక్కి అమ్ముతారు. చుక్క లేని 1939 రూపాయి ఎవరైనా చూపిస్తే అంకె దాకా పోనక్కర్లేదు. చుక్క ఉంటే మాత్రం ఆ తొమ్మిది తోకను మూడు వైపులనుంచి వెలుతురు పెట్టి చూడాలి, తరువాత తక్కెడలో వేసి 11.66 గ్రాములు తూగుతుందో లేదో చూడాలి.